పదివేలలో ఒకటి

సముద్రం అడుగు నుంచి సూరత్‌కు గ్యాస్ తెచ్చే గొట్టాలు ఎవరి కంటికీ కనిపించవు. అవి భద్రంగా ఉన్నాయని చెప్పేది గణాంక శాస్త్రమే. ఆ శాస్త్రం ఎంతవరకు నమ్మదగ్గది?

2020 సెప్టెంబరు 24. తెల్లవారుజామున మూడు గంటలు దాటింది. సూరత్ శివార్లలోని హజీరాలో ఒకదాని వెంట ఒకటిగా మూడు పేలుళ్లు. చుట్టుపక్కల కిటికీలు అదిరాయి, ఆకాశం ఎర్రబడింది. మంటలు రేగింది ఓఎన్‌జీసీ గ్యాస్ శుద్ధి కేంద్రంలో, సముద్రం నుంచి వచ్చే 36 అంగుళాల పైపులైను టెర్మినల్ దగ్గర. గ్యాస్ సరఫరా ఆపి, పైపులో ఒత్తిడి తగ్గించి, కొన్ని గంటల్లో మంటలార్పారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు ప్రమాదం జరిగింది ఒడ్డున, పదిమందికీ కనిపించే చోట. అదే గొట్టం తాలూకు మిగతా భాగం, అంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా పొడవు, నీళ్ల కింద ఉంది.

ముంబైకి పశ్చిమాన ఉన్న దక్షిణ బసీన్ క్షేత్రంలో మొదలయ్యే ఈ దారిలో 36 అంగుళాల గొట్టం ఒకటి, 42 అంగుళాల గొట్టం మరొకటి. రెండూ సముద్రపు నేల మీద ఉత్తరంగా సాగి, తపతి నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో హజీరా వద్ద ఒడ్డెక్కుతాయి. 1980ల మధ్యలో మొదలైన హజీరా కేంద్రం రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లకు పైగా గ్యాస్‌ను శుద్ధి చేయగలదు. ఇక్కడి నుంచి ఉత్తరాదికి గ్యాస్ పంపే హజీరా-విజయపూర్-జగదీశ్‌పూర్ పైపులైను వేయడానికే 1984లో గెయిల్ పుట్టింది. ఎరువుల కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలు, సూరత్ వంటిళ్లు అన్నీ ఎంతో కొంత ఈ గొట్టాల మీద ఆధారపడినవే. పైగా దక్షిణ బసీన్ గ్యాస్ శుద్ధమైనది కాదు. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే ఈ విషవాయువుకు కాస్త తేమ తోడైతే చాలు, ఉక్కును లోపలి నుంచి తినేస్తుంది.

ఇంత గొట్టాన్ని తవ్వి తీసి చూడటం కుదరదు. గజ ఈతగాళ్లను దింపి అంగుళం అంగుళం తడిమి చూడటమూ కుదరదు. మరి అది క్షేమంగా ఉందని సంతకం పెట్టే ఇంజనీరు దేన్ని చూసి పెడతాడు? ఒక అంకెను చూసి.

ఆ అంకెకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలమానం ఒకటుంది. నార్వేకు చెందిన డెట్ నోర్స్‌కే వెరిటాస్ సంస్థ 2000లో విడుదల చేసిన ప్రమాణం సముద్రగర్భ పైపులైన్లను మూడు భద్రతా తరగతులుగా విభజించింది. పైపు పగిలితే జరిగే నష్టం తక్కువనుకునే చోట, ఏడాదిలో అది విఫలమయ్యే సంభావ్యత వెయ్యిలో ఒకటికి మించకూడదు. నడిసముద్రంలో గ్యాస్ మోసే మామూలు గొట్టానికి పదివేలలో ఒకటి. మనుషులు పనిచేసే ప్లాట్‌ఫారానికి దగ్గరగా వచ్చే భాగానికి లక్షలో ఒకటి. ప్రమాణం పేరు తర్వాత మారింది గానీ ఈ మెట్లు అలాగే ఉన్నాయి. అంతకు ముందు ఇంజనీర్లు 'రెండు రెట్లు బలంగా కట్టాం, చాలు' అనేవారు. ఇప్పుడు 'ఏడాదిలో పగిలే అవకాశం పదివేలలో ఒకటి' అనాలి.

వినడానికి భరోసాగానే ఉంది. అయితే పదివేలలో ఒకటి అన్న మాట నిజమో కాదో తెలిసేదెలా?

ముప్ఫయ్యేళ్లు పగలకపోతే?

అందరికీ తట్టే జవాబు: ముప్ఫయ్యేళ్లుగా ఏమీ కాలేదు, కాబట్టి క్షేమమే. గణాంక శాస్త్రం ఈ జవాబును ఒప్పుకోదు. ఒక ఘటన ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా జరగలేదంటే దాని సంభావ్యత సున్నా అని అర్థం కాదు. దానికో సులువైన సూత్రముంది. మూడును గమనించిన ఏళ్ల సంఖ్యతో భాగించండి. నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పగలిగిన గరిష్ఠ సంభావ్యత అదే. ముప్ఫయ్యేళ్లు పగలని గొట్టం విషయంలో ఇది ముప్ఫైలో మూడు, అంటే పదిలో ఒకటి. ఆ రికార్డు ఒక్కదాన్నే పట్టుకుని 'ఏడాదిలో పగిలే అవకాశం పదిలో ఒకటికి మించదు' అని మాత్రమే అనగలం. పదివేలలో ఒకటి అని అనుభవంతో రుజువు చేయాలంటే అలాంటి గొట్టాలు వంద తీసుకుని మూడు వందల ఏళ్లపాటు ఒక్కటీ పగలకుండా చూడాలి. సముద్రగర్భ పైపులైన్ల చరిత్రకే ఇంకా వందేళ్లు నిండలేదు.

కాబట్టి 'ఇన్నాళ్లూ ఏమీ కాలేదు' అన్న ప్రకటన ఎవరిదైనా సరే, పత్రికల వాళ్లు రాసుకోవడానికి తప్ప లెక్కకు పెద్దగా పనికిరాదు.

అందుకే ప్రపంచమంతటి గొట్టాల అనుభవాన్ని కలిపి చూస్తారు. ఇందుకు వాడే కొలత కిలోమీటరు-సంవత్సరం. వంద కిలోమీటర్ల గొట్టం పదేళ్లు నడిస్తే వెయ్యి కిలోమీటరు-సంవత్సరాల అనుభవం. ఈ పద్ధతి సూరత్ మరమగ్గాల దగ్గర పనిచేసే వారికి కొత్తేమీ కాదు. లింబాయత్ ప్రాంతంలో తరాలుగా స్థిరపడిన తెలంగాణ పద్మశాలీల సంఖ్య తక్కువేమీ కాదు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. తానులో పోగు తెగిన చోట్లు ఎన్నున్నాయో లెక్కించి వంద మీటర్లకు ఇన్ని అని చెబితే ఆ మగ్గం సంగతి తెలిసిపోతుంది. అరుదుగా, ఎక్కడ పడితే అక్కడ తలెత్తే లోపాలను లెక్కించే ఈ పద్ధతికి ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ పేరు పెట్టారు. బట్టకైనా గొట్టానికైనా సూత్రం ఒకటే. తేడా ఏమిటంటే మగ్గం మీద రోజుకు వందల లోపాలు కనిపిస్తాయి. సముద్రం కింద లోపం కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఉత్తర సముద్రంలో బ్రిటన్ ఈ పనిని పద్ధతిగా చేసింది. 1988 జులై 6న పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం తగలబడి 167 మంది చనిపోయారు. పక్క ప్లాట్‌ఫారాల నుంచి వచ్చే గ్యాస్ గొట్టాలు వేడికి పగిలి మంటకు ఇంధనం అందిస్తూ పోవడమే ఆ ఘోరాన్ని అంత పెద్దది చేసింది. ఆ తర్వాత అక్కడ గొట్టాల వైఫల్యాలన్నిటినీ ఒకచోట చేర్చి పార్లాక్ అనే డేటాబేస్ తయారుచేశారు. దాని నుంచి తేలిన విషయాలు రెండు. వైఫల్యాలు గొట్టం పొడవునా సమంగా ఉండవు, ప్లాట్‌ఫారం చుట్టుపక్కల ఎక్కువ. సన్న గొట్టాలు లావు గొట్టాల కంటే తరచుగా విఫలమవుతాయి. కారణాల్లో తుప్పు, లంగర్లు, ఢీకొనడం ముందుంటాయి.

అలాగని ఉత్తర సముద్రపు సగటును తెచ్చి ఖంభాత్ సింధుశాఖకు అతికించలేం. అక్కడి గ్యాస్ వేరు, నేల వేరు, పోటు వేరు. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఈ గొట్టాన్నే కొలిచి, దీని సంభావ్యతను దీని కొలతల నుంచే కట్టుకోవాలి.

గొట్టంలో పంది

పరిశ్రమ భాషలో దీన్ని పిగ్ అంటారు, అంటే పందే. అయస్కాంతాలు, సెన్సర్లు మోసుకుంటూ గ్యాస్ ఒత్తిడితో గొట్టం లోపల దూసుకొచ్చే యంత్రమిది. సముద్రంలో ఎక్కించి ఒడ్డున దింపుకుంటారు. గొట్టం గోడను అయస్కాంతీకరించినప్పుడు ఉక్కు తరిగిన చోట అయస్కాంత క్షేత్రం బయటికి చిమ్ముతుంది. దాన్ని బట్టి ఎక్కడ ఎంత గుంట పడిందో చెబుతుంది. ఒక్క ప్రయాణంలో వేల గుంటల జాబితా ఇవ్వగలదు.

జాబితాలో ఉన్నది గుంట లోతా, గుంట లోతు మీద యంత్రం అంచనానా అన్నదే ప్రశ్న. ఇలాంటి యంత్రాల తయారీదారులు సాధారణంగా ఇచ్చే హామీ ఇలా ఉంటుంది: గోడ మందంలో పదిశాతం అటూ ఇటూగా, నూటికి 80 సార్లు. గోడ మందం 20 మిల్లీమీటర్లు అనుకుందాం. యంత్రం ఒక గుంటను 6 మిల్లీమీటర్లని చూపింది. అసలు లోతు 4 నుంచి 8 మధ్య ఉండే అవకాశం నూటికి 80. మిగిలిన ఇరవైలో సగం, అంటే పదింటిలో ఒకసారి, అసలు లోతు 8కి పైనే. ఒక్క గుంటకైతే ఫర్వాలేదు. అలాంటివి వెయ్యి ఉంటే? వందింటి లోతు జాబితాలో ఉన్న దానికంటే 2 మిల్లీమీటర్లకు మించి ఎక్కువ. ఏ వంద అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. ఐదేళ్ల తర్వాత మళ్లీ పిగ్‌ను పంపి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి తుప్పు ఏటా ఎంత పెరుగుతోందో చూస్తారు. రెండు కొలతల్లోనూ పొరపాటుంది కాబట్టి తేడాలో ఆ పొరపాటు ఇంకా పెరుగుతుంది. పై లెక్కలో అది ఏడాదికి దాదాపు అర మిల్లీమీటరు. అసలు తుప్పు ఏటా 0.2 మిల్లీమీటర్లే అయితే ఆ సంకేతం పొరపాట్ల గోలలో కలిసిపోతుంది. అందుకే ఇలాంటి నివేదికల్లో కొన్ని గుంటలు ఐదేళ్లలో పూడిపోయినట్టు కనిపిస్తాయి. ఉక్కుకు గాయం మానదు. అది యంత్రం పొరపాటు. ఆ 'మానిన' గుంటలను చెత్తబుట్టలో వేసి, పెరిగిన వాటినే లెక్కలోకి తీసుకునే ఇంజనీరు తెలియకుండానే తుప్పు వేగాన్ని ఎక్కువ చేసి చూస్తాడు. అన్నిటినీ సగటు చేసేవాడు నిజంగా వేగంగా తినేస్తున్న పది గుంటలను మిగతా వాటిలో ముంచేస్తాడు. రెండింటి మధ్యా దారి చూపేది బేయస్ పద్ధతి. ఉక్కు, గ్యాస్, తేమల గురించి ముందే తెలిసిన దానితో మొదలుపెట్టి, ప్రతి కొత్త కొలతతో నమ్మకాన్ని సవరించుకుంటూ పోవడమే అందులో పని.

అసలు పగులుతుందా లేదా అన్న లెక్క తర్వాతి మెట్టు. గోడ బలం అన్నది ఒక అంకె కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి గొట్టం మందం, ఉక్కు గట్టిదనం కాస్త కాస్త తేడాగా ఉంటాయి. లోపలి ఒత్తిడీ ఒక అంకె కాదు, రోజురోజుకూ మారుతుంది. రెండింటికీ గంట ఆకారపు వక్రరేఖలు గీస్తే, బలం రేఖ ఎడమ తోక, ఒత్తిడి రేఖ కుడి తోక ఎక్కడో ఒకచోట ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రమాదం ఉండేది ఆ చిన్న ముక్కలోనే. దాన్ని కొలవడానికి కంప్యూటర్‌తో పాచికలు వేయిస్తారు. పేకాటలో సాలిటేర్ గెలిచే అవకాశమెంతో కాగితం మీద తేల్చలేక, వంద ఆటలు ఆడి లెక్కిస్తే పోతుంది కదా అని 1946లో గణితవేత్త స్టానిస్లావ్ ఉలామ్‌కు తట్టిన ఆలోచనే ఇది. మాంటీ కార్లో పద్ధతి అని పేరు. పదివేలలో ఒకటి అన్న సంభావ్యతను పదిశాతం తేడాతో పట్టుకోవాలంటే ఆ గొట్టాన్ని కంప్యూటర్‌లో సుమారు పది లక్షల సార్లు నడిపి చూడాలి. ఈ రోజుల్లో అదేమంత పెద్ద పని కాదు.

పెద్ద పని తోకలను నమ్మడం. కొలతలన్నీ గంట నడుమ ఉంటాయి, ప్రమాదం అంచున ఉంటుంది. అంచున కొలతలే లేవు. అక్కడ రేఖ ఎలా వంగుతుందన్నది విశ్లేషకుడి ఎంపిక. ఒకే డేటాకు రెండు రకాల రేఖలు గీస్తే జవాబులో పది రెట్ల తేడా రావచ్చు. వెయ్యిలో ఒకటి, పదివేలలో ఒకటి అయిపోవచ్చు.

పొడవు సంగతి కూడా మరచిపోకూడదు. గొట్టాలు ఒక్కొక్కటి సుమారు 12 మీటర్లు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరానికి దాదాపు 18 వేల గొట్టాలు, అన్ని వెల్డింగ్ అతుకులు. ఒక్కో అతుకు ఏడాదిలో విఫలమయ్యే అవకాశం కోటిలో ఒకటే అనుకున్నా, 18 వేలకూ కలిపితే సుమారు 550లో ఒకటి అవుతుంది. పదివేలలో ఒకటి ఎక్కడ, ఇదెక్కడ! అయితే అతుకులన్నీ వేటికవి కావు. ఒకే ఫ్యాక్టరీ ఉక్కు, ఒకే నౌక మీద ఒకే బృందం చేసిన వెల్డింగ్. వాటికి ఒకదానితో ఒకటి ఎంత సంబంధముందో తేల్చడంలోనే సగం గణాంక శాస్త్రం ఉంది.

నేల కదిలితే

ఖంభాత్ సింధుశాఖ దేశంలోకెల్లా పెద్ద పోటుపాట్లు వచ్చే చోటు. భావనగర్ దగ్గర నీటి మట్టం పది మీటర్ల వరకూ ఎక్కి దిగుతుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఏడాదికి దాదాపు 1,400 సార్లు నీళ్లు ఇటూ అటూ దౌడు తీస్తాయి. ఆ వేగానికి గొట్టం కింది ఇసుక, ఒండ్రు కొట్టుకుపోయి కొన్నిచోట్ల గొట్టం గాలిలో వంతెనలా వేలాడుతుంది. దాని చుట్టూ నీళ్లు సుళ్లు తిరుగుతాయి. ఆ సుళ్ల లయ గొట్టం లయతో కలిసిందంటే గొట్టం వీణ తీగలా కంపిస్తుంది. ఒక్కో కంపనం చేసే హాని ఏమంత కాదు. కొన్ని కోట్ల కంపనాల తర్వాత అతుకు దగ్గర పగులు మొదలవుతుంది. సోనార్‌తో సర్వే చేసినప్పుడు వేలాడే భాగం పొడవు తెలుస్తుంది. రెండు సర్వేల మధ్య అది ఎంత పెరిగి ఎంత తగ్గిందో తెలియదు. ఆ తెలియని కాలాన్ని కూడా సంభావ్యతల్లోనే నింపుకోవాలి.

తుపాను అలల లెక్క ఇంకో రకం. 'వందేళ్ల అల'ను తట్టుకునేలా కట్టాం అంటారు. వందేళ్లకు ఒక్కసారే వస్తుందని దీని అర్థం కాదు. ఏ ఏడాదైనా దాన్ని మించిన అల వచ్చే అవకాశం వందలో ఒకటి అని అర్థం. పాతికేళ్ల కోసం కట్టిన గొట్టం తన జీవితకాలంలో అలాంటి అలను చూసే అవకాశం నూటికి 22. గొట్టాన్ని నలభై ఏళ్లు ఉంచితే నూటికి 33. సూరత్ వాసులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. 1968లో తపతి ముంచింది. తర్వాత పైన ఉకాయి ఆనకట్ట వచ్చింది, ఇక భయం లేదన్నారు. 2006 ఆగస్టులో ఉకాయి నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. నగరంలో మూడొంతులు నీట మునిగింది.

అరుదైన వాటి లెక్కకు జర్మన్ గణితవేత్త గుంబెల్ 1958లో ప్రచురించిన పుస్తకం నేటికీ పునాది. ఆ లెక్కలో ఒక షరతుంది. గతం ఎలా ఉందో భవిష్యత్తూ అలాగే ఉండాలి. అరేబియా సముద్రం వేడెక్కుతోందని, తీవ్ర తుపానులు పెరుగుతున్నాయని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. 2021 మేలో వచ్చిన తౌక్తే తుపానుకు బొంబాయి హై ప్రాంతంలో పీ-305 అనే బార్జి లంగర్లు తెగి కొట్టుకుపోయి మునిగిపోయింది. దానిలోను, మరో టగ్గులోను కలిపి 80 మందికి పైగా చనిపోయారు. మనుషుల ప్రాణాలు పోయిన చోట గొట్టాల గురించి మాట్లాడటం మర్యాద కాదేమో గానీ, లంగరు తెగి లాగుకుంటూ పోయే నౌక కింద ఏ గొట్టం ఉందన్నది ఇంజనీర్లు వేసుకోక తప్పని ప్రశ్న.

నౌకల సంగతి నిజానికి తుప్పు కంటే కొరుకుడు పడనిది. 2005 జులై 27న సముద్ర సురక్ష అనే సహాయ నౌక బొంబాయి హై ఉత్తర ప్లాట్‌ఫారం దగ్గరికి వచ్చి, సముద్రపు నేల నుంచి పైకి నిలువుగా లేచే రైజర్ గొట్టాన్ని ఢీకొట్టింది. గ్యాస్ చిమ్మింది, అంటుకుంది. 22 మంది చనిపోయారు, ప్లాట్‌ఫారం మొత్తం బూడిదయింది. గాయపడిన ఒక సిబ్బందిని ప్లాట్‌ఫారానికి తరలించడానికి వచ్చిన నౌక అది. ఏ పిగ్ అయినా, ఏ తుప్పు లెక్క అయినా దీన్ని ముందే చెప్పగలిగేది కాదు. ఉత్తర సముద్రపు పట్టిక మాత్రం ప్లాట్‌ఫారం చుట్టుపక్కలే ప్రమాదం ఎక్కువని ఎప్పుడో చెప్పింది. హజీరా ముందు ఇప్పుడు ఎల్‌ఎన్‌జీ నౌకలు, బొగ్గు నౌకలు, చేపల పడవలు తిరుగుతున్నాయి. ఏ నౌక ఎక్కడ తిరిగిందో ఉపగ్రహం ద్వారా నమోదవుతుంది కనుక లంగరు గొట్టం మీద పడే అవకాశాన్ని కొంత లెక్కించవచ్చు. కెప్టెన్ ఏ పరిస్థితిలో లంగరు వేస్తాడన్నది లెక్కకు అందదు.

గాడిమొగ నుంచి ఒమన్ దాకా

హజీరా గొట్టాలున్నది నిజానికి పెద్ద లోతు కాదు. లోతైన సముద్రం చూడాలంటే తూర్పు తీరానికి రావాలి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో రిలయన్స్ కేజీ-డీ6 నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. కాకినాడ దగ్గర గాడిమొగలో అది ఒడ్డెక్కి, గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టంలో పడమటికి పోతుంది. అదే క్షేత్రంలో 2020 డిసెంబరులో మొదలైన ఆర్-క్లస్టర్ ఉన్నది రెండు వేల మీటర్ల లోతులో. అక్కడ లంగరు పడదు, వల తగలదు. ప్రమాదం వేరే రూపంలో వస్తుంది. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున నీటి బరువు పెరిగి రెండు వేల మీటర్ల దగ్గర రెండు వందల రెట్లవుతుంది. గొట్టం పగలడం కాదు, నలిగిపోవడం భయం. గుండ్రంగా ఉండాల్సిన గొట్టం ఏ కాస్త కోడిగుడ్డు ఆకారంలోకి తిరిగినా నలిగే ఒత్తిడి పడిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీలో ప్రతి గొట్టం గుండ్రదనాన్ని కొలిచిన పట్టికే ఇక్కడ ప్రాణం. ఒమన్ నుంచి గుజరాత్‌కు అరేబియా సముద్రం అడ్డంగా గొట్టం వేయాలన్న ఆలోచన 1990ల నుంచీ నలుగుతోంది. దాని దారిలో లోతు దాదాపు 3,500 మీటర్లు. అంత లోతులో అంత పొడవైన గొట్టం ఇంతవరకు ఎవరూ వేయలేదు. వైఫల్యాల పట్టికే లేని చోట పదివేలలో ఒకటి అని చెప్పాలంటే, గొట్టం ముక్కలను ఒత్తిడి గదుల్లో నలగ్గొట్టి చూసిన కొద్దిపాటి పరీక్షలే ఆధారం.

కొద్దిపాటి పరీక్షల నుంచి ఎంత తెలుసుకోవచ్చు? దీనికి హద్దు గీసింది మనవాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక వ్యాసం రాశారు. చేతిలో ఉన్న డేటా ఎంత సమాచారం మోస్తుందో అంతకు మించిన కచ్చితత్వం ఏ నిష్పాక్షిక అంచనాకూ రాదని అందులో నిరూపించారు. క్రామర్-రావు హద్దు అని ప్రపంచమంతా పిలుస్తోంది. 2023లో ఆయనకు గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ హద్దు దాటలేం. దాటాలంటే ఇంకా కొలవాలి, కొలిచింది పంచుకోవాలి.

మన దగ్గర అసలు ఇబ్బంది అక్కడే. అమెరికాలో గొట్టాల ప్రమాదాల రికార్డు మొత్తం ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. ఏ ఏడాది, ఎన్ని అంగుళాల గొట్టం, కారణం ఏమిటి, అన్నీ ఉంటాయి. మన దేశంలో సముద్రంలోని చమురు, గ్యాస్ పనుల భద్రతకు 2008లో నియమాలు వచ్చాయి. తనిఖీ బాధ్యత ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్‌ది. అది పెట్రోలియం మంత్రిత్వశాఖ కింద ఉంది. ఓఎన్‌జీసీ కూడా ఆ శాఖ కిందదే. తనిఖీ చేసేవారు, చేయించుకునేవారు ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు అంకెలు గొడుగు దాటి బయటికి రావడం కష్టం. 1993 మేలో బొంబాయి హై నుంచి ఉరాన్‌కు వచ్చే గొట్టం పగిలి వేల టన్నుల ముడి చమురు సముద్రం పాలైంది. 2011 జనవరిలో ముంబై-ఉరాన్ ట్రంక్ లైను కారింది. ఇలాంటివి పత్రికల్లో వస్తాయి. వాటిని కిలోమీటరు-సంవత్సరాలతో భాగించి, ఏటా ప్రచురించే పట్టిక మామూలు పౌరుడి చేతికి అందదు.

అంకెలున్నా అవి దేన్ని అనుకుని వేసినవన్నది తెలియాలి. కోనసీమ వాసులకు ఇది నెత్తుటి అనుభవం. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా కాలిపోయారు. కొబ్బరితోటలు నల్లగా మాడిపోయాయి. అది నేల మీది గొట్టమే, అయినా పాఠం సముద్రానికీ వర్తిస్తుంది. పొడి గ్యాస్ కోసం తయారుచేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాస్ పంపారని, లోపల తుప్పు పట్టిందని విచారణలో బయటపడింది. పొడి గ్యాస్ అనుకుని ఎవరెంత నిఖార్సుగా సంభావ్యత లెక్కగట్టినా, ఆ జవాబు వేరే గొట్టానిది.

బొంబాయి హైలో చమురు తీయడం 1976లో మొదలైంది. అక్కడి గొట్టాలకు మొదట అనుకున్న ఆయుష్షు చాలావాటికి పాతికేళ్లు. ఓఎన్‌జీసీ విడతలవారీగా పాత గొట్టాలను మారుస్తోంది. మార్చనివాటికి ఆయుష్షు పొడిగించాలంటే కొత్తగా పిగ్ పంపి, గుంటల జాబితా తెప్పించి, వేలాడే భాగాలను సోనార్‌తో చూసి, సంభావ్యతను మళ్లీ కట్టాలి. లోపల పిగ్ తిరగడానికి వీల్లేని గొట్టాలూ ఉంటాయి. వ్యాసం మధ్యలో మారేవి, మరీ సన్నవి. వాటికి పక్క గొట్టం కొలతలే ఆధారం. ఆ కాగితం మీద చివరికి ఒక అంకె, దాని కింద ఒక సంతకం ఉంటాయి. అంకె పక్కన అటూ ఇటూ ఎంత తేడా ఉండవచ్చో కూడా రాసి ఉండాలి. హజీరా కంచె బయట ఇళ్లున్నవారు చూడాల్సింది ఆ రెండో అంకెనే.